షుగర్ ల్యాండ్ 95: రీస్ స్కూలు పక్కనున్న సమాధుల గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

బ్రేజోస్_గట్టు:
అందరికీ నమస్కారం. మేముండేది హ్యూస్టన్ పక్కన షుగర్ ల్యాండ్‌లో. ఫోర్ట్ బెండ్ కౌంటీలో మన తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. యూనివర్సిటీ బులెవార్డ్ మీద జేమ్స్ రీస్ కెరీర్ అండ్ టెక్నికల్ సెంటర్ ఉంది కదా, మా అబ్బాయి వచ్చే ఏడాది అక్కడ క్లాసులు తీసుకుంటానంటున్నాడు. ఆ ఆవరణలోనే కంచె వేసిన శ్మశానం ఉంది. అక్కడ 95 మంది నల్లజాతి ఖైదీలున్నారని, స్కూలు కట్టేటప్పుడు బయటపడ్డారని విన్నాను. వాడు అడిగే ప్రశ్నలకు నా దగ్గర సరైన జవాబుల్లేవు. వాళ్ళెవరు, అక్కడికెలా వచ్చారు, ఇన్నేళ్ళు ఎవరికీ ఎందుకు తెలియలేదు? ఇక్కడ ఇల్లు కొనుక్కుని ఉంటున్నవాళ్ళం, మనకీ తెలియాలి కదా.

పాత_కాగితాలు:
మంచి విషయం ఎత్తారండి. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ 1865లో వచ్చింది. అందులోనే ఒక మినహాయింపు ఉంది: నేరానికి శిక్షగా అయితే వెట్టిచాకిరీ చేయించవచ్చు. దక్షిణాది రాష్ట్రాలు ఆ సందును పట్టుకున్నాయి. టెక్సాస్ 1866లోనే నల్లవాళ్ళ మీద ప్రత్యేక చట్టాలు తెచ్చింది. పని లేకుండా తిరిగినా నేరమే. అలా జైళ్ళు నింపి, ఆ ఖైదీలను తోటల యజమానులకు, రైల్వే కాంట్రాక్టర్లకు అప్పజెప్పారు. భూమిని కౌలుకిచ్చినట్టు మనుషుల్ని కౌలుకిచ్చారు. దీన్నే కన్విక్ట్ లీజింగ్ అంటారు.

1878లో ఎడ్వర్డ్ కన్నింగ్‌హామ్, లిటిల్‌బెరీ ఎల్లిస్ అనే ఇద్దరు టెక్సాస్ జైళ్ళలోని ఖైదీలందరినీ కౌలుకి తీసుకున్నారు. తలకు నెలకు సుమారు 3 డాలర్లు రాష్ట్రానికి కట్టేవారు. వాళ్ళ చెరకు తోటలే ఈనాటి షుగర్ ల్యాండ్. బ్రేజోస్ నది పక్క పల్లపు నేల, నడుము లోతు నీళ్ళు, దోమలు, మలేరియా, వడదెబ్బ, కొరడా. అప్పట్లో ఖైదీలు ఈ ప్రాంతాన్ని ‘బ్రేజోస్ మీది నరకకూపం’ అని పిలిచేవారు.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఒకటుంది. బానిసను కొనుక్కున్న యజమానికి ఆ మనిషి చచ్చిపోతే డబ్బు నష్టం. కౌలు ఖైదీ చచ్చిపోతే ఆ నష్టం కూడా లేదు, రాష్ట్రం ఇంకొకణ్ణి పంపుతుంది. అందుకే తిండి, మందు, విశ్రాంతి దేని మీదా పైసా ఖర్చు పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

1908లో రాష్ట్రమే ఇక్కడి భూమి కొని సొంతంగా జైలు వ్యవసాయ క్షేత్రం పెట్టుకుంది. 1910ల మొదట్లో కౌలు పద్ధతి పోయింది కానీ పొలంలో ఖైదీల పని ఆగలేదు. సెంట్రల్ యూనిట్ జైలు 2011 దాకా అక్కడే ఉంది. మనలో కొంతమంది ఆ జైలు ముందునుంచే రోజూ ఆఫీసుకి వెళ్ళుంటారు.

కాటన్_బ్యారేజ్:
అయితే ఈ 95 మంది ఏ కాలంవాళ్ళు?

పాత_కాగితాలు:
సుమారు 1878 నుంచి 1911 మధ్య. వాళ్ళని ఉంచిన చోటును బుల్‌హెడ్ శిబిరం అనేవారు. ఎముకల్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు చెప్పినదాని ప్రకారం వయసులు 14 నుంచి 70 దాకా ఉన్నాయి. 94 మంది మగవాళ్ళు, ఒకే ఒక్క స్త్రీ. చాలామంది కండరాలు అతుక్కునే చోట ఎముక గట్టిపడి, వంగిపోయి ఉంది. చిన్నతనం నుంచీ మోయలేని బరువులు మోస్తే వచ్చే గుర్తులవి. తిండి చాలక దెబ్బతిన్న ఎముకలూ ఉన్నాయి. శవాల్ని చెక్కపెట్టెల్లో పెట్టి పూడ్చారు. ఆ చోట సంకెళ్ళు కూడా దొరికాయి.

అమ్మమ్మగారిల్లు:
14 ఏళ్ళు. మా చిన్నోడి వయసు. చదువుతుంటే చెయ్యి ఆడట్లేదు.

బ్రేజోస్_గట్టు:
అదే అక్కా, నాకూ అంతే. పాత_కాగితాలు గారూ, 2018లో ఉన్నట్టుండి బయటపడ్డాయని అంటారు. అంతకుముందు ఎవరికీ తెలియదా?

పాత_కాగితాలు:
తెలుసు. అందుకే ‘బయటపడ్డాయి’ అనే మాట నాకు నచ్చదు.

రెజినాల్డ్ మూర్ అని ఒకాయన ఉండేవారు. 1980లలో కొన్నాళ్ళు ఇక్కడి జైల్లో గార్డుగా పనిచేశారు. పొలంలో నల్లజాతి ఖైదీల వరసలు, గుర్రం మీద కాపలావాళ్ళు, ఇదంతా చూసి ఇది ఎక్కడినుంచి మొదలైందో వెతకడం మొదలుపెట్టారు. దగ్గర్లో ఓల్డ్ ఇంపీరియల్ ఫామ్ సిమెటరీ అని చిన్న శ్మశానం ఉంది. అక్కడ రాళ్ళున్న సమాధులు ముప్పై చిల్లర, 1912 తర్వాతవి. మరి అంతకుముందు చనిపోయినవాళ్ళంతా ఏమయ్యారు? ఆయన ప్రశ్న అదే. ఆ చిన్న శ్మశానం బాధ్యత తనే తీసుకున్నారు, గడ్డి కోయించారు, మీటింగు మీటింగుకీ వెళ్ళి మాట్లాడారు. ఈ స్కూలు కట్టబోతున్నారని తెలిసి, అక్కడ సమాధులుండొచ్చు జాగ్రత్త అని ముందే చెప్పారు. 2018 ఫిబ్రవరిలో కందకం తవ్వుతుంటే పనివాళ్ళకి మనిషి ఎముక కనబడింది.

ఆయన 2020 జులైలో చనిపోయారు. ఆయన పోగుచేసిన కాగితాలన్నీ రైస్ యూనివర్సిటీ వుడ్సన్ రిసెర్చ్ సెంటర్‌లో భద్రంగా ఉన్నాయి. దాదాపు ఇరవై ఏళ్ళు ఒక మనిషి తలుపు తడుతుంటే తీసినవాళ్ళు లేరు. మా అబ్బాయికేం చెప్పాలి అని మీరడిగారు కదండీ, ఆయన పేరు చెప్పండి ముందు.

కాటన్_బ్యారేజ్:
ఎవరినీ నొప్పించాలని కాదు, మనసులో ఉన్నది అడుగుతున్నాను. అది పిల్లల కోసం కట్టే స్కూలు. ప్రజల పన్నులతో కట్టేది. వాళ్ళ వారసులెవరో కూడా తెలియదు. పక్కనే ఇంకో శ్మశానం ఉన్నప్పుడు మర్యాదగా అక్కడికి మార్చి, ఒక స్తూపం కట్టి, స్కూలు పూర్తి చేసుకుంటే తప్పేంటి? బతికున్న పిల్లల అవసరం కూడా అవసరమే కదా. అదీగాక మనలో చాలామందికి దహనం అలవాటు. బూడిద నదిలో కలిపాక చోటుతో సంబంధం ఉండదు. సమాధి ఫలానా చోటే ఉండాలన్న పట్టుదల నాకు పూర్తిగా అర్థం కావట్లేదు.

జేమ్స్_నది:
మొదట స్కూలు డిస్ట్రిక్ట్, అంటే ఇక్కడి ప్రభుత్వ స్కూళ్ళను నడిపే సంస్థ, కూడా సరిగ్గా అదే అనుకుంది. పక్కనున్న ఆ పాత శ్మశానానికి మార్చేస్తామని కోర్టుకెళ్ళింది. స్థానిక నల్లజాతి సంఘాలు ఒప్పుకోలేదు. వాళ్ళ వాదన ఏమిటంటే, బతికున్నప్పుడు వీళ్ళని అడక్కుండా ఒకచోటు నుంచి ఇంకోచోటుకి తోలారు, చనిపోయాక కూడా అలాగే తోలతారా అని. పైగా ఆ చోటే సాక్ష్యం. ఎముకలు వేరేచోటికి పోయాక ఇక్కడ శిబిరం ఉండేదని చూపించడానికి ఏం మిగులుతుంది?

తర్వాత సంగతి చాలామందికి తెలియదు. అప్పటి టెక్సాస్ చట్టం ప్రకారం కౌంటీ ప్రభుత్వం ఇలా శ్మశానం నడపడానికి వీల్లేదు. స్కూలు డిస్ట్రిక్టుకీ శ్మశానం నడిపే అధికారం లేదు. 2019లో శాసనసభ ప్రత్యేకంగా చట్టం మార్చి ఫోర్ట్ బెండ్ కౌంటీకి ఆ అవకాశం ఇచ్చింది. ఆ నవంబర్లో 95 మందినీ ఎవరి సమాధిలో వాళ్ళని, తీసిన చోటే తిరిగి ఖననం చేశారు. స్కూలూ ఆగలేదు. కొంత భాగం పని ఆపి మిగతాది నడిపించారు. కాబట్టి పిల్లలా, సమాధులా అని ఒకటే ఎంచుకోవలసిన పరిస్థితి కాదది.

పెద్దచెరువు:
కాటన్ అన్నా, దహనం మన అందరి అలవాటు కాదు. మాది తెలంగాణలో పల్లె. మా వాడలో తాతముత్తాతల నుంచీ ఖననమే. చెరువు కట్ట కింద మాకొక జాగా ఉండేది. రాళ్ళు లేవు, పేర్లు లేవు, మట్టి దిబ్బలే. ఎవరి దిబ్బ ఏదో మా నాయనమ్మకి తెలుసు, ఇంకెవరికీ తెలియదు. రికార్డులో అది సర్కారు భూమి. పక్క పొలం ఆయన గట్టు జరుపుకుంటూ వచ్చాడు, తర్వాత రోడ్డు వేశారు. ఇప్పుడు పీనుగను మోసుకుపోవాలంటే దారి కోసం బతిమాలుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దళితవాడల శ్మశానాల కొట్లాటలు పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు?

రెండూ ఒకటే అని నేననట్లేదు. వాళ్ళ చరిత్ర వాళ్ళది. కానీ ‘వారసులెవరో తెలియదు’ అని రాసిన చోట నాకు గుండె కలుక్కుమంది. తెలియకుండా చేసింది ఎవరు? ఖైదీ ఊరు ఒకచోట, చచ్చింది ఇంకోచోట, ఇంటికి ఉత్తరం కూడా పోలేదు. రాయి పెట్టలేదు. ఇప్పుడేమో రాయి లేదు కాబట్టి హక్కు లేదంటారు. మా జాగా గురించి కూడా ఎమ్మార్వో ఆఫీసులో మాకు చెప్పింది ఇదే మాట.

కాటన్_బ్యారేజ్:
తమ్ముడూ, నువ్వన్నది చదివాను. మళ్ళీ చదివాను. వారసులు లేరన్నది వాళ్ళ లోపం కాదని ఒప్పుకుంటున్నాను. స్కూలు ఖర్చు సంగతి ఇంకా నా మనసులో ఉంది, కానీ దాన్ని ఇక్కడ పెంచను.

మట్టి_రాడార్:
నేను జియోటెక్నికల్ ఇంజినీర్ని, హ్యూస్టన్‌లోనే పని. రాళ్ళు లేని సమాధులు ఎలా కనుక్కుంటారో కొంచెం చెబుతాను, ఎందుకంటే ‘రాడార్ పెడితే ఎముకలు కనబడతాయి’ అని చాలామంది అనుకుంటారు. కనబడవు. గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్ నేలలోకి తరంగాలు పంపి, అవి ఎక్కడ తేడాగా వెనక్కి వస్తున్నాయో చూస్తుంది. ఒకసారి తవ్వి పూడ్చిన గొయ్యి ఎన్నేళ్ళయినా చుట్టూ ఉన్న మట్టిలా మారదు. ఆ తేడానే అది పట్టుకుంటుంది. ఫ్లోరిడాలో టాంపాలో ఇసుక నేల కాబట్టి ఇది బాగా పనిచేసింది. 1901లో మొదలైన జైయన్ సిమెటరీ మీద ఇళ్ళు కట్టేశారు, 2019లో ఒక స్థానిక పత్రిక పాత పటాలు వెతికి రాశాక రాడార్ పెడితే ఇళ్ళ మధ్యన వందకు పైగా శవపేటికల ఆకారాలు వరసగా కనబడ్డాయి.

మన దగ్గర నల్లరేగడి బంకమట్టి. అందులో తరంగాలు లోతుకి పోవు. అందుకే ఇక్కడ పైమట్టిని పలచగా గీరి చూడడమే నమ్మకమైన పద్ధతి. కింద సమాధి ఉంటే వేరే రంగు మట్టి దీర్ఘచతురస్రంగా తేలుతుంది. యంత్రం లేకపోయినా కొన్ని గుర్తులుంటాయి. నేల మనిషి పొడుగున కుంగి ఉండటం, అడవిలో ఎవరూ నాటని చోట యుక్కా, దేవదారు, బిళ్ళగన్నేరు జాతి పాకుడు మొక్క కలిసి కనబడటం. రాయి కొనలేనివాళ్ళు మొక్క నాటారు.

డెవలపర్లకి ఇవన్నీ తెలియవని నేను నమ్మను. మొదటి సర్వేలో పాత పటాలు తిరగేస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. అడిగి చేయించుకునే క్లయింట్లు తక్కువ.

టెక్సాస్ చట్టంలో ఒక మాట మనకి పనికొస్తుంది. ఎవరికైనా తెలియని శ్మశానం కనబడితే 10 రోజుల్లో కౌంటీ క్లర్కుకి నోటీసు దాఖలు చెయ్యాలి. ప్రైవేటు భూమి మధ్యలో ఉన్నా సరే, చూడటానికి వెళ్ళేవాళ్ళకి దారి ఇవ్వాల్సిందే. పెద్దచెరువు గారు రాసింది చదివాక ఇది చెప్పాలనిపించింది.

డర్బన్_తెలుగు:
దక్షిణాఫ్రికా నుంచి రాస్తున్నాను. చక్కెర అనగానే మాకు ఇంకో కథ గుర్తొస్తుంది. 1860 నవంబర్లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటినుంచి వచ్చినవాళ్ళలో మన కోస్తా జిల్లాల తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, మా పూర్వీకులు కూడా. నాటాల్ చెరకు తోటలకే వచ్చారు. తోటల పక్కన రాయి లేని సమాధులు ఇక్కడా ఉన్నాయి. మాది ఒప్పంద కూలి. గడువు ఉండేది, కాగితం ఉండేది, పేరు, ఊరు, తండ్రి పేరు రాసేవారు. ఆ ఓడల జాబితాల వల్లే మా తాతగారి ఊరు మాకు తెలిసింది. షుగర్ ల్యాండ్ వాళ్ళకి ఆ జాబితా అయినా ఉందా?

పాత_కాగితాలు:
ఉందండీ, అదే ఈ కథలో ఆశ. టెక్సాస్ రాష్ట్ర గ్రంథాలయంలో ఆ కాలపు ఖైదీల రిజిస్టర్లున్నాయి. పేరు, వయసు, ఎత్తు, పుట్టిన చోటు, ఒంటి మీద మచ్చలు, నేరం, శిక్ష, విడుదల లేదా మరణం. చనిపోయిన తేదీ, శిబిరం కలిపి చూస్తే ఎవరు బుల్‌హెడ్‌లో ఉండుంటారో ఒక జాబితా తయారవుతుంది. తవ్వకం చేసిన పురావస్తు బృందం 2020లో 500 పేజీల నివేదిక ఇచ్చింది, అందులో ఈ పని మొదలైంది. ఇప్పుడు మిగిలింది ఏ పేరు ఏ సమాధిదో తేల్చడం. దానికి డీఎన్‌ఏ కావాలి, వారసులుగా అనుకునేవాళ్ళు ముందుకొచ్చి తమ నమూనా ఇవ్వాలి. నెమ్మదిగా సాగే పని.

దీనికి దారి చూపింది న్యూయార్క్ అనుభవం. 1991లో మన్‌హట్టన్‌లో 290 బ్రాడ్‌వే దగ్గర ప్రభుత్వ భవనానికి పునాది తీస్తుంటే ఆఫ్రికన్ల శ్మశానం బయటపడింది. 419 మంది అవశేషాలు తీశారు, చాలామంది పిల్లలు. మొత్తం 15,000 మందిని అక్కడ పూడ్చి ఉంటారని అంచనా. నల్లజాతివాళ్ళు ఊరుకోలేదు. పని ఆపించారు. అవశేషాల్ని హోవర్డ్ యూనివర్సిటీకి అప్పగించేలా చేశారు. అక్కడ మైకేల్ బ్లేకీ బృందం ఒక కొత్త పద్ధతి పాటించింది. ఏం పరీక్షించాలి, ఏం తెలుసుకోవాలి అన్నది మొదట ఆ సమాజాన్నే అడిగారు. 2003లో చెక్కిన చెక్కపెట్టెల్లో పెట్టి తిరిగి అక్కడే ఖననం చేశారు. 2006లో జాతీయ స్మారకం అయింది. న్యూజెర్సీ తెలుగువాళ్ళు ఎంతోమంది రోజూ ఆ వీధులమ్మటే పనికి వెళ్తారు. లోపలికి వెళ్ళడానికి టికెట్ కూడా లేదు, ఒకసారి వెళ్ళి చూడండి.

జేమ్స్_నది:
వర్జీనియాలో మా రిచ్‌మండ్ సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే శ్మశానం పాడవడం వెనక డబ్బు లెక్కలుంటాయి. ఇక్కడ ఎవర్‌గ్రీన్ 1891లో, ఈస్ట్ ఎండ్ 1897లో నల్లజాతివాళ్ళు స్వయంగా ఏర్పాటు చేసుకున్నవి. తెల్లవాళ్ళ శ్మశానాల్లో చోటివ్వరు కాబట్టి. అమెరికాలో బ్యాంకు స్థాపించిన మొదటి నల్లజాతి మహిళ మ్యాగీ వాకర్ ఎవర్‌గ్రీన్‌లోనే ఉన్నారు. అంత పేరున్న మనిషి సమాధి చుట్టూ కూడా ఒకప్పుడు అడవే.

జాతి వివక్ష భరించలేక లక్షల కుటుంబాలు ఉత్తరాదికి వలసపోయాయి. సమాధులు చూసుకునేవాళ్ళు తగ్గారు. పోషణ నిధి మొదట్నుంచీ లేదు. అదే వర్జీనియా ప్రభుత్వం కాన్ఫెడరేట్ సైనికుల (అంతర్యుద్ధంలో బానిసత్వం ఉండాలన్న దక్షిణాది పక్షాన పోరాడినవాళ్ళ) సమాధులకు వందేళ్ళకు పైగా డబ్బిచ్చింది. నల్లజాతి సమాధులకు ఇవ్వాలన్న చట్టం 2017లో వచ్చింది, సమాధికి ఏడాదికి 5 డాలర్లు. ఆ తేదీల మధ్య తేడా చూస్తే ‘పట్టించుకోకుండా వదిలేశారు’ అని ఎవరైనా వాళ్ళ కుటుంబాలను అంటే నాకు కోపం వస్తుంది.

2013 నుంచి ఈస్ట్ ఎండ్‌లో వాలంటీర్లు శనివారాలు ఐవీ తీగలు పీకుతూ వేల రాళ్ళు బయటికి తీశారు. తర్వాత యాజమాన్యం తీసుకున్న సంస్థ 2022లో మూతపడింది, మళ్ళీ అయోమయం. 2024కి గానీ నగరపాలన చేతికి రాలేదు. చేసేవాళ్ళ చేతుల్లో పట్టా లేకపోతే ఎంత కష్టపడ్డా గాల్లో దీపమే.

పెద్దచెరువు:
పట్టా మాట సత్యం.

అమ్మమ్మగారిల్లు:
హ్యూస్టన్‌వాళ్ళకి దగ్గర్లోనే ఒక చోటుంది, ఎవరూ చెప్పలేదేంటి? ఆలివ్‌వుడ్ సిమెటరీ. వైట్ ఓక్ బాయూ (ఇక్కడ వాగుని బాయూ అంటారు) ఒడ్డున, డౌన్‌టౌన్‌కి కొంచెం వాయవ్యంగా. 1875లో ఏర్పడింది, 4,000 మందికి పైగా ఉన్నారు. స్వేచ్ఛ వచ్చాక హ్యూస్టన్‌లో పైకొచ్చిన మొదటి తరం వాళ్ళంతా అక్కడే: పాస్టర్లు, టీచర్లు, డాక్టర్లు, నగర సభ్యులు. కొన్ని సమాధుల మీద శంఖాలు పెట్టి ఉంటాయి, కొన్ని రాళ్ళ మీద అక్షరాలు తలకిందులుగా చెక్కి ఉంటాయి. పశ్చిమాఫ్రికా నమ్మకాల్లో నీళ్ళ అవతల పూర్వీకుల లోకం ఉంటుందట, దాని గుర్తులని అక్కడివాళ్ళు చెప్పారు. నేను చాలాసేపు ఆ శంఖాల దగ్గరే నిలబడిపోయాను.

2003 నుంచి డిసెండెంట్స్ ఆఫ్ ఆలివ్‌వుడ్ అనే సంఘం చూసుకుంటోంది. ఇప్పుడు అసలు భయం వరద. హార్వీ తుఫానులాంటివి వచ్చినప్పుడల్లా బాయూ ఒడ్డు కోసుకుపోతోంది. 2022లో చారిత్రక స్థలాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న 11 చారిత్రక స్థలాల జాబితాలో చేర్చింది.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. ఉత్సాహంతో రాళ్ళు తోమేయకండి. బ్లీచ్, వైర్ బ్రష్, ప్రెషర్ వాషర్ అస్సలు వద్దు, పాత పాలరాయి పిండిలా రాలిపోతుంది. మంచినీళ్ళు, మెత్తటి బ్రష్, అది కూడా వాళ్ళు చూపించిన రాయి మీదే. పడిపోయిన రాయిని మీ అంతట మీరు లేపకండి. శంఖం, సీసా, విరిగిన పింగాణీ కనబడితే చెత్త అనుకుని తీసెయ్యకండి, అవి కావాలని పెట్టినవి. ఒక మొక్క పీకే ముందు అడగండి, అది సమాధి గుర్తు కావచ్చు.

కాటన్_బ్యారేజ్:
మనలాంటివాళ్ళు వెళ్తే వాళ్ళేమనుకుంటారు? బయటివాళ్ళం కదా.

అమ్మమ్మగారిల్లు:
మొదటిసారి నాకూ టెన్షన్‌గానే ఉండింది బాబూ. చేతికి గ్లవ్స్ ఇచ్చి ఏ వరసలో పని చెయ్యాలో చూపించారు. మనం సలహాలు చెప్పడానికి పోకూడదు, అంతే. నిర్ణయాలు వాళ్ళవి, గడ్డి మనం కోద్దాం.

పాత_కాగితాలు:
ఇంకో దారి కూడా ఉంది. 2022 డిసెంబర్లో నల్లజాతి శ్మశానాల పరిరక్షణకు ఫెడరల్ చట్టం వచ్చింది. నేషనల్ పార్క్ సర్వీస్ ద్వారా ఏడాదికి 30 లక్షల డాలర్ల వరకు గ్రాంట్లు ఇవ్వడానికి అనుమతి ఉంది. అనుమతి వేరు, బడ్జెట్‌లో నిజంగా డబ్బు పెట్టడం వేరు. దేశమంతటికీ ఆ మొత్తం చాలా తక్కువ కూడా. మీ కాంగ్రెస్ సభ్యులకు రాసేటప్పుడు ఈ సంగతి అడగండి. సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళు స్కూలు బోర్డు ఎన్నికల్లో ఓటెయ్యండి. షుగర్ ల్యాండ్ సమాధుల విషయంలో డీఎన్‌ఏ పని, ప్రదర్శన, పాఠాలు అన్నీ అక్కడ తేలేవే. మన పిల్లలు ఎక్కువగా చదివేది ఆ స్కూళ్ళలోనే కాబట్టి మనం మాట్లాడితే వినిపిస్తుంది.

కాటన్_బ్యారేజ్:
ఆ రిజిస్టర్లు ఆన్‌లైన్‌లో చదివి పేర్లు టైప్ చేసే పని ఏమైనా ఉంటే చెప్పండి. చేతిరాత చదవడం నాకు వచ్చు, కోర్టు కాగితాలతోనే ఉద్యోగమంతా గడిచింది.

పాత_కాగితాలు:
చాలా మంచిదండీ. మీకు విడిగా మెసేజ్ పెడతాను. 1880ల గుమాస్తాల రాత చూస్తే మీలాంటివాళ్ళే కావాలనిపిస్తుంది. ఒకే మనిషి పేరు మూడుచోట్ల మూడు రకాలుగా రాసి ఉంటుంది, వయసు మారుతుంది, మచ్చ మాత్రం మారదు. అక్కడ పట్టుకోవాలి.

బ్రేజోస్_గట్టు:
అందరికీ ధన్యవాదాలు. ఇదంతా మా వాడితో కూర్చుని చదివించాను. రెజినాల్డ్ మూర్ గారి మీద హిస్టరీ ప్రాజెక్టు చేస్తానన్నాడు, రైస్ యూనివర్సిటీ కలెక్షన్ వాడికి చూపిస్తాను. వచ్చే స్కూలు బోర్డు మీటింగులో ప్రజలు మాట్లాడే సమయానికి పేరిచ్చాను. రెండు అడగబోతున్నాను: సమాధుల డీఎన్‌ఏ పని ఎంతవరకు వచ్చిందో తల్లిదండ్రులకి క్రమంగా చెప్పాలని, రీస్‌లో చేరే ప్రతి పిల్లాడికీ మొదటివారంలోనే ఈ చరిత్ర చెప్పాలని. మాట్లాడేవాళ్ళు ఇంకొందరుంటే బలం. ఆలివ్‌వుడ్ వాలంటీర్ల శనివారం ఎప్పుడో వాళ్ళ పేజీలో చూసి ఇక్కడే పెడతాను, కార్లో చోటుంది, పొడుగు చేతుల చొక్కా, బూట్లు తెచ్చుకోండి. దోమలు బాగా ఉంటాయట.